లేని కాగితం

జిగురు ఉడికేటప్పుడు చెయ్యి ఆపకూడదు. ఆపితే మైదా ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన జిగురుతో అంటించిన అట్ట నెల తిరక్కుండా ఉబ్బుతుంది. అందుకని గుమ్మంలో నీడ పడినా మల్లేశ్వరరావు తల ఎత్తలేదు. గరిటె తిప్పుతూనే, "ఏటమ్మా పని?" అన్నాడు.

"పుస్తకం బావూ."

"కుట్టాలా?"

"కుట్టేసిందే. మీరు కుట్టిందే."

పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, నాలుగు తిప్పులు తిప్పి, గిన్నె దించి, అప్పుడు చూశాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి. భుజాన గుడ్డసంచి. సంచిలోంచి తువ్వాలు మూట తీసి బల్లమీద పెట్టింది. తువ్వాలు కొసలు పట్టుకునే మూట విప్పింది గాని, లోపలి పుస్తకాన్ని వేలితో తాకలేదు. ఆమె వేళ్ళు చూశాక ఎందుకో అతనికి తెలిసింది. జీడిపిక్కలు కొట్టేవాళ్ళ వేళ్ళవి. పెంకులోని నూనె తగిలి చర్మం కాలి, నల్లబడి, పొరలు లేచిపోతుంది. ఈమె చేతికి ఆ నలుపు కొత్తగా పట్టినట్టుంది. గోళ్ళ మొదళ్ళు ఇంకా ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి.

"నా పేరు నూకరత్నం బావూ. మాది భావనపాడు. ఇచ్చింది కాశీబుగ్గ. జీడిపిక్కల షెడ్డులో పని సేత్తన్నాను."

మల్లేశ్వరరావు చేతులు తుడుచుకుని పుస్తకం తీసుకున్నాడు. అట్ట తిప్పగానే లోపలి మూల తన ముద్ర కనిపించింది. ఊదారంగు సిరా వెలిసిపోయింది గాని 'టెక్కలి' అన్న మాట చదవడానికి వీలుగానే ఉంది. వారపత్రికల్లోంచి చించి దాచుకున్న సీరియల్ కాగితాలు. ఒక రోజుల్లో టెక్కలిలో సగం ఇళ్ళవాళ్ళు ఇలాంటివి కట్టలు కట్టలుగా తెచ్చి కుట్టించుకునేవారు. కొమ్ముల మాంత్రికుడు, రెక్కల గుర్రం, నోరు తెరిచిన కొండగుహ. బొమ్మలన్నీ అరిగిపోయి ఉన్నాయి. పేజీల కింది మూలలు వేళ్ళ తడికి మెత్తబడి గుడ్డలా తయారయ్యాయి.

"దీనికేటయింది?"

"ఇందులో ఒక కాయితం నేదు బావూ. మీరు కుట్టినప్పుడు పోయుంటది." ఆమె ఆ మాట నేల చూస్తూ అంది. "అది మీరొచ్చి మా షెడ్డు యువరాజుబాబుతో ఒక్క మాట సెప్పాల."

మల్లేశ్వరరావు పుస్తకం మూసేశాడు.

"నా చేతిలో కాగితం పోదమ్మా. ముప్పై అయిదేళ్ళయింది ఈ బల్ల ముందు కూచుని. స్కూళ్ళవి, కోర్టువి, గుడివి, అన్నీ కుట్టాను. ఒక్క కాగితం పోయిందని ఎవరూ ఈ గడప తొక్కలేదు."

"తెలుసు బావూ."

"తెలిస్తే ఎందుకొచ్చావు మరి?"

నూకరత్నం గుమ్మం పక్కన చతికిలబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకోకుండా మోకాళ్ళ మీద నుంచి గాలికి వదిలేసింది. మంట కాబోలు.

"నాది ఒలుపుడు పని బావూ. ఎండిన పప్పుకి పొట్టు తియ్యడం. నలబై మందిమి వరసగా కూకుంటాం. నాలుగేళ్ళ బట్టీ నాను సదువుతాను, ఆలు ఒలుస్తారు. సదివినంతసేపు నా సెయ్యి ఆగిపోద్ది గదా, అందుకని తలొక గుప్పెడు ఒలిసిన పప్పు నా సేటలో యేత్తారు. సదువు గుప్పెడంటారు దాన్ని. నానడగనేదు, ఆలే ఎట్టినారు. మొన్నామద్దిన షావుకారి కొడుకు యువరాజుబాబు ఎనకమాల నిలబడి ఇన్నాడు. ఇని, పుస్తకం లాక్కున్నాడు. నాను సదివిన మాట యేలెట్టి సూపించమన్నాడు. సూపించనేకపోయినాను."

"ఏ మాట?"

"ఆ తలుపు దాటినవాడికి పాత పేరు ఉండదు." ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతు మారింది. పల్లె యాస పోయి అచ్చులోని మాటలా పలికింది. "అది సదువుతాను నాను. ఎప్పుడూ సదువుతాను. పుస్తకంలో నేదు. నేని మాట సదివి అందరి కాడా గుప్పెళ్ళు తిన్నానని, నన్ను ఒలుపుడు కాడ నుంచి లేపి పిక్కలు కొట్టే కాడికి తోసినాడు. సదువు ఆపెయ్యమన్నాడు. కాయితం పోనాదంటే, కుట్టినోరొచ్చి సెప్పాలన్నాడు. నలబై మంది ముందర దొంగనన్నాడు బావూ."

మల్లేశ్వరరావు అలమరలో వెనక వరస వైపు చూశాడు. నల్ల కాలికో గుడ్డ వేసి, వీపు మీద బంగారు అక్షరాలు దిద్దిన పది పుస్తకాలు ఉన్నాయక్కడ. పలాస కాలేజీ లైబ్రరీవి. నమూనాకి ఇచ్చారు. అవి నచ్చితే మరో నాలుగు వందల పుస్తకాలు అతనికే. కంప్యూటరు ప్రింట్లు వచ్చాక ఆర్నెల్లుగా కొట్టుకు వచ్చే పని పెళ్ళి ఆల్బముల అట్టలు తప్ప లేదు. ఆ కాలేజీ కమిటీకి అధ్యక్షుడు కాశీబుగ్గ జీడి షావుకారే. ఆ షావుకారి కొడుకే ఈ యువరాజు.

"పుస్తకం ఉంచి వెళ్ళు. చూస్తాను" అన్నాడు.

"వత్తారా బావూ?"

"చూశాక గదా."

ఆమె లేచింది. తువ్వాలు మడత పెట్టి సంచిలో వేసుకుని, గుమ్మం దిగి, మళ్ళీ వెనక్కి తిరిగి, "బేగి సూడండి బావూ. ఆలు కత సగంలో ఉన్నారు" అంది.

*

మల్లేశ్వరరావు కథలు చదివే మనిషి కాదు. అన్ని వేల పుస్తకాలు చేతి మీదుగా పోయినా అతను చదివింది ఒకటే: కాగితం చివరి మాట, తర్వాతి కాగితం మొదటి మాట. ఆ రెండూ ఒకదానికొకటి అందితే వరస సరిగా ఉన్నట్టు. అందకపోతే కాగితం తారుమారైనట్టు. ఆ పద్ధతి అతనికి గురువు నేర్పిందే. మధ్యలో ఏముందో చూడకురా, చూశావా పని తెమలదు అనేవాడు.

ఆ మధ్యాహ్నం కూడా అలాగే మొదలుపెట్టాడు. మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, ఎడమచేతి బొటనవేలుతో ఒక్కో కాగితం తిప్పుతూ, పెదవులు కదుపుతూ. ఎదుటి టీ కొట్టు పాపారావు గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టి తొంగి చూశాడు.

"ఏటి బావా, ఈ వయసులో రాచ్చసుల కతలేటి నీకు?"

"పని."

"పనేటి, పేజీ తిప్పితే నవ్వుతన్నావు."

"నవ్వలేదు."

"నానేటి గుడ్డోడినా?" అని పాపారావు వెళ్ళిపోయాడు.

నిజానికి మల్లేశ్వరరావు చివరి మాటల దగ్గర ఆగడం ఎప్పుడో మానేశాడు. గుడ్డిదైన తల్లికి చూపు తెచ్చే మూలిక కోసం విజయకేతుడనేవాడు కొండగుహలోకి దిగాడు. గుహలో ఏడు తలుపులు. ఒక్కో తలుపుకూ ఒక్కో కాపలా. నాలుగో తలుపు దగ్గర మాటలాడే ఎముకల గూడు. అయిదో తలుపు దగ్గర నీళ్ళు కాలుతున్నాయి. అతని టీ చల్లారిపోయింది.

సరిగ్గా పుస్తకం నడుమ, ఎడమ పేజీ అడుగున, 'విజయకేతుడు ఊపిరి బిగబట్టి ఏడో తలుపు తోశాడు' అని ఉంది. కుడి పేజీ పైన, 'ఎదురుగా సముద్రం. ఓడ అంచున మణిధరుడు నిలబడి ఉన్నాడు' అని ఉంది.

తలుపు తోస్తే సముద్రం. మాటకు మాట అందింది. కాని పేరు మారిపోయింది. అక్కడి నుంచి చివరిదాకా మణిధరుడే. విజయకేతుడి ఊసు లేదు.

మల్లేశ్వరరావు పుస్తకాన్ని బల్ల అంచున పెట్టి రెండు చేతులతో నడిమికి విరిచి లోపలికి చూశాడు. మొదటి సగంలో తన దారమే. మైనం రాసిన తెల్ల నూలు దారం, ఇప్పుడు టీరంగుకు తిరిగింది. రెండో సగంలో ఉన్నది పచ్చ నైలాను దారం. వల దారం. ముడి కూడా పుస్తకం ముడి కాదు. రెండు పోగులూ ఒకదాన్నొకటి మెలేసి పట్టుకున్న ముడి. వేలితో లాగి చూశాడు. లాగినకొద్దీ బిగుస్తోంది. దాని పక్కనే, వీపుకు అంటుకుని, కత్తితో కోసేసిన కాగితాల మొదళ్ళు మూడు కనిపించాయి. కోత తిన్నగా, ఒక్క గీతలా ఉంది.

అతను చాలాసేపు ఆ ముడినే చూస్తూ కూచున్నాడు. ఇది తన పని కాదు. తన కొట్టులో కాగితం పోలేదు. తన ముద్ర ఉన్న అట్టలో ఇంకెవరో చెయ్యి పెట్టారు. అది రుజువు చేయడానికి ఈ పచ్చ దారం ఒక్కటి చాలు.

ఎవరో తెలుసుకుని మరీ చెబుదామనుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్న భావనపాడు బస్సెక్కాడు. నౌపడ దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఉప్పు మడులు, ఆ తర్వాత సరుగుడు తోపులు, ఆ తర్వాత ఎండుచేపల వాసన. నూకరత్నం తండ్రి ఎవరని అడిగితే, పళ్ళేల్లో చేపలు ఆరబోస్తున్న ఒకామె గెడ్డంతో ఇసుక వైపు చూపించింది. "సింహాద్రి తాతా? అదిగో, తెప్పల కాడ. వల దగ్గర తప్ప ఇంకెక్కడుంటాడు."

తాటాకు పందిరి నీడలో ముసలాయన కాళ్ళు చాపుకు కూచున్నాడు. కాలి బొటనవేలికి వల కొస తగిలించి, చిరుగు చుట్టూ ఉన్న పోగుల్ని చిన్న కత్తితో తెగ్గోస్తున్నాడు. బాగున్న వల కళ్ళను కూడా కోసేస్తున్నట్టు తోచింది మల్లేశ్వరరావుకు. అయినా అడగలేదు. పందిరి గుంజ పక్కన కూచుని, సంచిలోంచి పుస్తకం తీసి, నడిమికి విరిచి ముందు పెట్టాడు.

ముసలాయన చూశాడు. కత్తి ఆగలేదు.

"ఎవరు బావు మీరు?"

"ఈ అట్ట నేను వేసిందే. టెక్కలి."

"ఓ. మీరేనా." మరో నాలుగు పోగులు తెగాయి. "మంచి అట్ట. తుపానుకి ఇల్లంతా కొట్టుకుపోనాది గాని అది పోనేదు. లోన సగం పోనాది."

"ఈ దారం నీదేనా?"

"నాదే."

"ముడి?"

"ఆ ముడి ఈ ఊళ్ళో ఎవుడేసినా అదే బావు. ఉప్పునీటిలో ఊడదు."

మల్లేశ్వరరావుకు ఇంక అడిగేది ఏమీ లేకపోయింది. వచ్చిన పని అయిపోయింది. అయినా లేవలేదు. సముద్రం మీద తెల్లగా ఒక తెరచాప కదలకుండా ఉంది.

"ఎందుకు కలిపావు?" అన్నాడు.

సింహాద్రి కత్తి పక్కన పెట్టాడు. గరిటెలాంటి వెదురు సూది తీసుకుని, దారం చుట్టి, మొదటి కన్ను ఎత్తాడు.

"అప్పటికి నా కూతురికి తొమ్మిదేళ్ళు. బడిలో ఆ యేడే కూడబలుక్కోడం వచ్చింది దానికి. నాకు రాదు. పొద్దుగూకితే అది సదివేది, నానూ మా యావిడా ఇనేవోలం. పాకలో ఇంకో పదిమంది. కొండలో ఏడో తలుపు కాడికొచ్చీసరికి తుపానొచ్చినాది. మిగతా కాయితాలు ముద్దయిపోనాయి. గుంట రెండు రోజులు కూడు తిన్నేదు బావు. ఇల్లు పోనాదని కాదు, ఆడు తలుపు తీసినాడో నేదో తెలీక."

"మరి ఈ రెండో కథ?"

"నౌపడ సంతలో పకోడీలు కట్టే కాయితాల్లో దొరికినాది. దానికి మొదలు నేదు. సముద్రం కత. రెండూ సినిగిన వలలే." సూది వెళ్ళి వచ్చింది. "సినిగిన వలకి సినిగిన వల అలాగే కడితే ఆగదు బావు. సిరుగు సుట్టూ మంచి కళ్ళు కూడా కొన్ని కోసెయ్యాల. కన్నుకి కన్ను ఎదురుగా రావాల. అప్పుడు కట్టాల. మా ఊరి తారకేశ్వరరావని, బడి పంతులు, ఆడి సేత ఆ అంచు కాయితాలు రెండేపులా సదివించుకున్నాను. ఇటొక కాయితం, అటు రెండు కోసినాను. తలుపు తోసినాడు, సముద్రం అవుపడినాది. సరిపోనాది."

"పేరు మారిపోయింది."

"అదీ అడిగినాది గుంట. ఆడి పేరు మారిపోనాదేటి అయ్యా అని." ముసలాయన మొదటిసారి నవ్వాడు. ఉన్న నాలుగు పళ్ళూ కనిపించాయి. "ఆ తలుపు దాటినోడికి పాత పేరుండదే అన్నాను. నాకూ ఇంకేటీ తోచనేదు. అది మరి అడగనేదు. సదివినప్పుడల్లా ఆ మాట అక్కడ ఏసుకుని సదివేది."

మల్లేశ్వరరావు కాశీబుగ్గ సంగతి చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి కొంచెమే చెప్పాడు. పుస్తకం గురించి అక్కడ తగువు పడ్డారని, ఆ మాట పుస్తకంలో లేదంటున్నారని. పిక్కలు కొట్టే పని సంగతి చెప్పలేదు.

సింహాద్రి చేతిలోని కన్ను జారింది. మళ్ళీ పట్టుకున్నాడు.

"అమ్మికి తెలీదు బావు" అన్నాడు నెమ్మదిగా. "అంతా ఒకటే కతనుకుంటాది. అచ్చులో అలాగే ఉన్నాదని, మాట పడ్డ కాయితం ఏదో పోనాదని అనుకుంటాది. దాని పిల్లలకీ అదే సదివి సెప్పినాది. ఇప్పుడు మా అయ్య అతుకులేసి నన్ను మోసం సేసినాడు అనుకోనీకండి. మీకు దండం ఎడతాను."

"నేనేం చెప్పను" అన్నాడు మల్లేశ్వరరావు. చెప్పను అన్నాడే గాని, మరి రేపు షెడ్డులో ఏం చెప్పాలో అతనికి పాలుపోలేదు. చెప్పకపోతే ఆ దోషం తన కొట్టు మీద పడుతుంది. బస్సు దాకా నడుస్తున్నంతసేపూ ఇసుకలో చెప్పులు దిగబడుతూనే ఉన్నాయి.

*

కాశీబుగ్గలో షెడ్డు రైలు పట్టాల అవతల. గేటు దాటగానే పెంకు పొగ గొంతు పట్టుకుంది. వాకిట్లో రేకు పంచన పదిహేను మంది ఆడవాళ్ళు వరసగా కూచుని, రాతిమీద పిక్క నిలబెట్టి కర్రసుత్తితో కొడుతున్నారు. పెంకు నూనె అంటకుండా అందరి చేతులకూ బూడిద. వరస చివర నూకరత్నం. ఆమె సుత్తి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎక్కువ. మల్లేశ్వరరావును చూసి లేవబోయి, మేస్త్రి వైపు చూసి కూచుంది.

యువరాజు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. పాతికేళ్ళ కుర్రాడు, ఇస్త్రీ చొక్కా. మాట మర్యాదగానే ఉంది.

"మీరే వస్తారనుకోలేదండీ. కాలేజీవాళ్ళు మీ కొట్టుకొచ్చి నమూనా పుస్తకాలు చూశారట. బాగున్నాయన్నారు. ఈ నెలాఖరుకి మిగతావి పంపిస్తాం."

"సంతోషం బాబూ."

"ఇక్కడి గొడవ చిన్నదేనండీ. నాకు చదవడం మీద పగేం లేదు. పేపరు చదవమన్నాను, పొదుపు సంఘాల పుస్తకం ఇచ్చాను. అవి వద్దంట."

లోపలి గది గుమ్మంలో ఒలుపుడు ఆడవాళ్ళు అప్పుడే గుమిగూడారు. చేతుల్లో చిన్న కత్తులు, ఒళ్ళో పొట్టు. అందరికంటే ముందు నిలబడ్డ ముసలామె ధనమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

"పొదుపేటి బాబూ, పొదుపు మాకు దినమూ ఉన్నదే. మొగుడి కతా మాకున్నాది, అత్త కతా ఉన్నాది. కూకుని ఇనాలంటే మాకు రాచ్చసుడు గావాల."

ఆడవాళ్ళు నవ్వారు. యువరాజు చెవులు ఎర్రబడ్డాయి.

"రాక్షసుడే చదవమను. పుస్తకంలో ఉన్నది చదవమను. లేనిది కల్పించి చదివి మీ పప్పు తీసుకుంటే దాన్నేమంటారు? మీకు చదువు రాదని కదా?" మల్లేశ్వరరావు వైపు తిరిగాడు. "మీరే చెప్పండి మేస్టారూ. మీరు కుట్టిన పుస్తకం. కాగితం పోయిందా, లేదా? పోకపోతే ఆవిడది అబద్ధం. పోతే మీ పనిలో లోపం. మూడోది లేదు కదా."

మూడోది సంచిలో ఉంది. నడిమికి విరిచి ఆ పచ్చ దారం చూపిస్తే చాలు. ఎవరిదీ దొంగతనం కాదు, ఎవరి పనిలోనూ లోపం లేదు. మల్లేశ్వరరావు సంచిలో చెయ్యి పెట్టాడు. పుస్తకం వీపు చేతికి తగిలింది. లోపలి ముడి అట్ట మీంచి కూడా చిన్న బొడిపెలా తెలుస్తోంది.

అప్పుడు ధనమ్మ రెండడుగులు ముందుకేసింది. నవ్వు లేదిప్పుడు.

"బావూ, మీరు పెద్దోరు. నాకు ఒక్కటి సెప్పండి. ఆ మాట ఉన్నాదా, నేదా? తలుపు దాటినోడికి పాత పేరుండదని. మాలో సగం మంది తుపానుకి ఊళ్ళొదిలీసి వచ్చినోలం. జీడి తోటలు పోనాయి, కొబ్బరి పోనాది. సొంత తోటలో కూలోల్ని ఎట్టినోలం, ఇక్కడ కూలికొచ్చినాం. ఆ మాట కాడికొచ్చీసరికి నాను మళ్ళీ సదవమంటాను. ఎన్నిమార్లు సదివించుకున్నానో. అది అచ్చులో ఉన్న మాటా, రత్నం నోటి మాటా?"

సుత్తుల చప్పుడు ఆగిపోయింది. వరస చివర నూకరత్నం తల వంచుకుని బూడిద చేతుల్ని చూసుకుంటోంది.

మల్లేశ్వరరావు పుస్తకం తీశాడు. విరవకుండా, మూసినట్టే ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఉంది" అన్నాడు.

"ఎక్కడుందండీ?" అన్నాడు యువరాజు.

"ఉన్న కాగితం నా కొట్టులో పోయింది. కుట్టేటప్పుడు చూసుకోలేదు. నాదే తప్పు."

"పాతికేళ్ళ కిందటి పుస్తకం. అందులో ఏ మాట ఉందో మీకెలా గుర్తుంటుంది?"

"నేను కథ చదవను బాబూ. కాగితం చివరి మాట, మొదటి మాట, అవే చూస్తాను. కట్ట విప్పి వరస చూసినప్పుడు ఉంది. కుట్టాక లేదు. చివరి మాట గనక గుర్తుండిపోయింది." గొంతు సవరించుకున్నాడు. "ఆ తలుపు దాటినవాడికి పాత పేరు ఉండదు."

ధనమ్మ వెనక్కి తిరిగి ఆడవాళ్ళందరినీ ఒకసారి చూసింది. యువరాజు చేతిలోని పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"సరేనండీ. ఆవిడ అబద్ధం చెప్పలేదన్నమాట. మంచిదే, మళ్ళీ ఒలుపుడులో కూచుని చదువుకోమనండి." మర్యాద తగ్గలేదు. "కానండీ, కాలేజీవి ఖరీదైన పుస్తకాలు. ఒక్కో కాగితం మళ్ళీ దొరకదు. మీరే అర్థం చేసుకోగలరు. ఆ పది పుస్తకాలూ ఎవరినైనా పంపించి తెప్పించుకుంటాం."

"అలాగే బాబూ" అన్నాడు మల్లేశ్వరరావు.

నూకరత్నం చేతులు కడుక్కోడానికి కొళాయి దగ్గరికి వెళ్ళింది. బూడిద పోయింది గాని నలుపు పోలేదు. మల్లేశ్వరరావు గేటు వైపు నడుస్తుంటే తడి చేతులతోనే అడ్డంగా వచ్చింది.

"కాగితం నా దగ్గరే పోయింది తల్లీ" అన్నాడు అతను. ముసలాయనకు ఇచ్చిన మాట అది. "ఏమీ అనుకోకు."

ఆమె అతని మొహంలోకి చూసింది.

"పోనాదని నానే గదా బావూ మీకు సెప్పినాను. ఏ కాయితమూ పోనేదు. మా యింట ముడి నాను గుర్తెట్టనేనా? పన్నెండేళ్ళప్పుడే సూసినాను. మా అయ్య అటు తిరిగినప్పుడు సూసి, మూసేసినాను." కన్నీళ్ళు లేవు. మాట తిన్నగానే ఉంది. "మా అయ్యని ఈలు దొంగ అతుకులోడంటారని భయమేసినాది. మీకు నిజం సెప్పి రమ్మంటే అబద్ధం ఆడమన్నట్టవుద్ది. అందుకని సెప్పనేదు. మీకు తోసింది మీరు సేత్తారనుకున్నాను. మీకు కాలేజీ పని పోద్దని నాకు తెల్దు బావూ. ఒట్టు."

మల్లేశ్వరరావు పుస్తకం ఆమెకు ఇవ్వబోయి, ఆమె వేళ్ళు చూసి ఆగాడు. ధనమ్మ ముందుకొచ్చి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, పుస్తకం అందుకుంది.

"దానిసేత ముట్టించొద్దు. ఆ యేళ్ళు మానేదాకా అది సదువుద్ది, కాయితం నాను తిప్పుతాను. ఓలె రత్నం, తిప్పాల్సొచ్చినప్పుడు తలూపు."

"నీకు కింద మీద తెలుసునేటే అప్పా?" అంది వెనక నుంచి ఒకతె.

"బొమ్మలున్నాయి గదే, ఆడి కాళ్ళు కిందికుంటే సరి."

నూకరత్నం అతని దగ్గరగా వచ్చి, "మా అయ్యకి మాత్రం సెప్పకండి బావూ, నాకు తెలుసని" అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

టెక్కలి బస్సు షెడ్డు గోడ పక్కనే ఆగుతుంది. మల్లేశ్వరరావు గోడ నీడలో నిలబడ్డాడు. తలపైన కిటికీకి ఇనుప జల్లెడ. లోపల కత్తులు పప్పు మీద గీసుకుంటున్న సన్నటి చప్పుడు మొదలైంది. దాని మీదుగా ఆమె గొంతు, ఎత్తూ పల్లం లేకుండా, అచ్చులోని మాటలా. నాలుగో తలుపు. ఎముకల గూడు అడిగిన ప్రశ్న. అయిదో తలుపు దగ్గర కాలుతున్న నీళ్ళు. మధ్యలో ఆగితే కాగితం తిరిగిన చప్పుడు. అతనికి అతుకు ఎక్కడుందో తెలుసు. చేత్తో తడిమిన చోటది. ఆ చోటు వచ్చినప్పుడు గొంతులో ఎక్కడైనా ఎత్తు తగులుతుందేమో చూద్దామని చెవి అక్కడే పెట్టి నిలబడ్డాడు.

పట్టాల మీద గూడ్సు పోయింది. పోయాక విన్నాడు. తెరచాప చిరిగింది, మణిధరుడు స్తంభానికి తనను తానే కట్టేసుకున్నాడు, నీళ్ళ అడుగు నుంచి ఏదో పైకి లేస్తోంది. అతుకు ఎప్పుడో దాటిపోయింది.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపులోంచి వంగి, "టెక్కలి, టెక్కలి! ఎక్కుతారా బాబూ?" అన్నాడు.

లోపల ఆ లేచేది ఏమిటో ఇంకా తెలియలేదు. మల్లేశ్వరరావు కండక్టరుకు పొమ్మని చెయ్యి ఊపాడు.